పోటీ పరీక్షకు రోజుకు ఎన్ని లెక్కలు చేయించాలి?

ప్రశ్న: మేము నాగోలులో ఉంటాం. మా బాబు ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి చదువుతున్నాడు. ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా చెబుతాడు, రెండేళ్లు అబాకస్ కూడా నేర్చుకున్నాడు. ఈ ఏడాది బడిలో మ్యాథ్స్ ఒలింపియాడ్‌కు పేరు ఇచ్చాం. పరీక్షకు ఇంకా పన్నెండు వారాలు ఉంది. రోజూ సాయంత్రం యాభై ప్రశ్నల వర్క్‌షీట్ ప్రింట్ తీసి చేయిస్తున్నాను. మామూలు లెక్కలు బాగానే చేస్తాడు కానీ లాజికల్ రీజనింగ్‌లో సగానికి పైగా తప్పులే. తప్పు చేసిన చోట జవాబు చూపించి పద్ధతి వివరిస్తే తల ఊపుతాడు, మర్నాడు మళ్లీ అదే తప్పు చేస్తాడు. ఈ మధ్య వర్క్‌షీట్ బయటికి తీయగానే కడుపునొప్పి అంటున్నాడు, ఆదివారాలు మాత్రం నొప్పి ఉండదు. పక్క ఫ్లాట్ వాళ్లు తమ పాపను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పంపుతున్నారు. మేమూ పంపాలా? నిన్నటి వర్క్‌షీట్ ఒకటి జత చేస్తున్నాను. – ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం కంటే ముందు మీరు జత చేసిన వర్క్‌షీట్‌నే చదివాను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పినవాణ్ని కనుక ఏ కాగితం చేతికొచ్చినా ఎర్రసిరా ఉన్నచోటికే నా కళ్లు ముందుగా పోతాయి. బాబు తప్పు చేసిన ప్రశ్నల్లో నాలుగింటిని వేరే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని చాలాసేపు చూశాను. వాటి గురించి కొంచెం వివరంగానే రాస్తాను, ఎందుకంటే మీరు అడిగిన కోచింగ్ సంగతి కూడా అక్కడే తేలుతుంది.

మొదటి ప్రశ్నలో ఒక వరుసలో నిలబడిన పిల్లవాడు ఎడమ నుంచి 12వ వాడు, కుడి నుంచి 9వ వాడు. వరుసలో మొత్తం ఎందరని అడిగారు. బాబు 21 అని రాశాడు, సరైన జవాబు 20. రెండో ప్రశ్నలో మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకు 40 మెట్లు ఉంటే, మొదటి అంతస్తు నుంచి ఆరో అంతస్తుకు ఎన్ని మెట్లని అడిగితే 80 అని రాశాడు. నిజానికి 100 మెట్లు. మూడోది మెట్రో లెక్క. ఒక లైనులో 23 స్టేషన్లు ఉన్నాయి, స్టేషనుకూ స్టేషనుకూ మధ్య రెండు నిమిషాల ప్రయాణం, ఆగే సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మొదటి స్టేషను నుంచి చివరి స్టేషనుకు ఎంతసేపని ప్రశ్న. 46 నిమిషాలని రాశాడు, 44 అని రాయవలసింది.

పైకి చూస్తే ఇవి వరుస, మెట్లు, రైలు అని మూడు వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి, పుస్తకాల్లో కూడా వేర్వేరు అధ్యాయాల్లోనే ఉంటాయి. బాబు చేసింది మాత్రం ఒకే తప్పు. లెక్కపెడుతున్నది వస్తువులనా, వాటి మధ్య ఉన్న ఖాళీలనా, రెండు వైపుల నుంచి లెక్కపెట్టినప్పుడు ఏ వస్తువైనా రెండుసార్లు వచ్చిందా అన్నది అతనికి ఇంకా పట్టుబడలేదు. 23 స్టేషన్ల మధ్య 22 ఖాళీలే ఉంటాయి, మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకు ఎక్కేది రెండు అంతస్తులే. ఈ ఒక్కటి తెలియనివాడికి మీరు యాభై కాదు, ఐదు వందల ప్రశ్నలు ఇచ్చినా అదే పొరపాటు కొత్త వేషంలో ఎదురవుతూనే ఉంటుంది.

నాలుగో తప్పు నన్ను ఎక్కువసేపు ఆపింది. ఒక పిల్లవాడి ముందు 12 మంది, వెనక 9 మంది ఉన్నారు, మొత్తం ఎందరని అడిగితే బాబు 20 అని రాశాడు. ఇక్కడ జవాబు 22, ఎందుకంటే ఆ పిల్లవాణ్ని ఎవరూ లెక్కపెట్టలేదు, అతన్ని కొత్తగా కలపాలి. మొదటి ప్రశ్న పక్కన ఎర్రసిరాతో మీరు రాసిన ‘12 + 9 – 1’ను బాబు బుద్ధిగా గుర్తుపెట్టుకుని ఇక్కడ కూడా ఒకటి తీసేశాడు. మీ మీద నేరం మోపడానికి ఈ మాట రాయడం లేదు, ఉద్యోగం చేసిన తొలి పదేళ్లూ నేను కూడా అచ్చంగా ఇలాగే బోధించాను. వరుస లెక్క వస్తే ఒకటి తీసేయాలన్న సూత్రం బాబు చేతికి అందింది కానీ, ఎందుకు తీసేస్తున్నామో అతని కళ్లకు కనబడలేదు. మర్నాడు మళ్లీ అదే తప్పు రావడానికి కారణం మతిమరుపు అని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం బాబు మీరు చెప్పింది చెప్పినట్టే చేసినట్టు కనిపిస్తోంది.

కాబట్టి ఈ వారం వర్క్‌షీట్లు పూర్తిగా ఆపేయండి. కడుపునొప్పిని ఒకసారి పిల్లల వైద్యుడికి చూపించండి, అది కొట్టిపారేయవలసిన విషయం కాదు. కానీ ఆదివారం రాని నొప్పి అని మీరే రాశారు కనుక దానికీ వర్క్‌షీట్‌కూ ఉన్న సంబంధం మీకు నేను చెప్పనక్కరలేదు. వంటింట్లోంచి గుప్పెడు చింతగింజలు తెచ్చి బాబు ముందు పెట్టి, ఒక గింజకు పసుపు పూసి, ఆ గింజ ఎడమ నుంచి మూడోది, కుడి నుంచి రెండోది అయ్యేట్టు వరుస పేర్చమనండి. నాలుగు గింజలతో వరుస పూర్తయిపోతుంది. మూడూ రెండూ కలిపితే ఐదు కావాలి కదా, నాలుగే ఎందుకు వచ్చాయని అడిగి మీరు మౌనంగా కూర్చోండి. పసుపు గింజను రెండుసార్లు లెక్కపెట్టానని బాబు తన నోటితో చెప్పేదాకా, అరగంట పట్టినా సరే, మీ నోటి నుంచి ఆ మాట రాకూడదు. ఆ తరువాత పసుపు గింజకు ముందు మూడు, వెనక రెండు ఉండేట్టు పేర్చమనండి. ఈసారి ఆరు గింజలు పడతాయి. ఈ రెండు వరుసలనూ చెరపకుండా పక్కపక్కన ఉంచి తేడా ఏమిటో చెప్పమంటే, ఎర్రసిరా చెప్పలేకపోయింది ఆ పది గింజలు చెబుతాయి.

మెట్రో లెక్కకు మీకు గింజలు కూడా అక్కరలేదు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా ఉన్న మీ లైనులో సరిగ్గా 23 స్టేషన్లే ఉన్నాయి. ఒక ఆదివారం నాగోలులో ఎక్కించి తార్నాక దాకా తీసుకువెళ్లండి: నాగోలు, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక. పేర్లు లెక్కపెడితే ఆరు, రైలు కదలడం లెక్కపెడితే ఐదు. మెట్ల లెక్కను మీ అపార్ట్‌మెంట్‌లోనే లిఫ్ట్ ఎక్కకుండా చేయవచ్చు. ఇదంతా నవంబరు లోపల పూర్తి చేయవలసిన సిలబస్‌లో ఎక్కడ వస్తుందని మీకు అనిపించవచ్చు. ఆ పేరుతో ఎక్కడా రాకపోయినా, ప్రతి పోటీ పేపరులోనూ ఇది ఏదో ఒక రూపంలో ఉంటుంది.

మీ వర్క్‌షీట్‌లో ఇంకొకటి కూడా చూశాను. పార్కింగులో ఆటోలూ స్కూటర్లూ కలిపి 10 బండ్లు ఉన్నాయి, మొత్తం 26 చక్రాలు, ఆటోలు ఎన్ని అన్న లెక్క పక్కన మీరు ఎక్స్, వై పెట్టి రెండు సమీకరణాలు రాశారు. బాబు దాని కింద ఏదో గీసి కొట్టేశాడు. కొట్టేసిన గీతల్లో వరుసగా గుండ్రాలు కనిపిస్తున్నాయి, అంటే బొమ్మ గీయడం మొదలుపెట్టి, మీ పద్ధతి చూసి, తనది తప్పేమోనని ఆపేసి ఉంటాడు. ఆ బొమ్మను పూర్తి చేయనివ్వవలసింది. పది బండ్లకు పది గుండ్రాలు గీసి, ముందుగా ఒక్కొక్కదానికి రెండేసి చక్రాలు తగిలిస్తే 20 అయిపోతాయి. చేతిలో ఇంకా ఆరు మిగులుతాయి. ఆ ఆరింటినీ ఒక్కో బండికి ఒక్కొక్కటిగా పంచితే ఆరు బండ్లు ఆటోలవుతాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇది తర్కం. సమీకరణం మాత్రం ఎవరో చేయమన్న పని. ఎక్స్, వైలు పై తరగతుల్లో ఎలాగూ వస్తాయి, అప్పుడు ఈ బొమ్మ గీసినవాడికి అవి చాలా తొందరగా అర్థమవుతాయి.

భాష సంగతి కూడా చెప్పాలి. మీవాడు చదివేది ఇంగ్లిష్ మీడియం, ప్రశ్నపత్రం వచ్చేదీ ఇంగ్లిష్‌లోనే, ఇంట్లో మాట్లాడేది తెలుగు. లెక్క రాకపోవడం వేరు, లెక్కలోని వాక్యం అర్థం కాకపోవడం వేరు. ఎట్ లీస్ట్ అంటే కనీసం అనీ, హౌ మెనీ మోర్ అంటే తేడా అడుగుతున్నారనీ తెలియక మోర్ అన్న మాట కనబడగానే కూడికలోకి దిగిపోయే పిల్లలను ప్రతి తరగతిలోనూ చూశాను. ఏ ప్రశ్ననైనా పెన్సిలు పట్టుకోకముందు, అంకెలు చెప్పకుండా, కథలాగా తెలుగులో మీకు చెప్పమనండి. ‘పార్కింగులో కొన్ని బండ్లు ఉన్నాయి, వాటిలో కొన్నింటికి మూడు చక్రాలు, చక్రాలన్నీ కలిపి ఎన్నో చెప్పారు, ఆటోలు ఎన్నో కనుక్కోవాలి’ అని చెప్పగలిగితే లెక్క సగం అయిపోయినట్టే. బంధుత్వాల ప్రశ్నలకు ఇది మరీ అవసరం. ఇంగ్లిష్‌లో అంకుల్ అన్న ఒక్క మాటలో మేనమామ, బాబాయి, పెదనాన్న, పెదనాన్న వరసయ్యే అమ్మ అక్కగారి భర్త, అందరూ ఇమిడిపోతారు. మన ఇంట్లో పెరిగిన పిల్లవాడికి వరసలు అంతకంటే స్పష్టంగా తెలుసు. ప్రశ్నలోని మనుషులకు తెలుగు వరసలు పెట్టుకుని, చిన్న వంశవృక్షం గీసుకుని, చివర్లో ఇంగ్లిష్ మాటకు మార్చుకోమనండి. తెలుగులో లెక్క చెప్పుకోవడం తక్కువతనం ఏమీ కాదు. పావులూరి మల్లన అనే కవి దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటే మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిపెట్టాడు.

ఇక మీ అసలు ప్రశ్న, రోజుకు ఎన్ని. వచ్చే వారం నుంచి రోజుకు మూడు లెక్కలు, వారానికి ఐదు రోజులు, ఒక్కో రోజు అరగంటకు మించకుండా. మూడింటిలో ఒకటి అతను తప్పకుండా చేయగలిగేది, ఒకటి కాస్త ఆలోచిస్తే వచ్చేది, ఒకటి ఆ రోజు రాకపోయినా ఫరవాలేదు అనిపించేది. మూడోదాన్ని పది నిమిషాలు చూసి రాకపోతే జవాబు చెప్పకుండా ఫ్రిజ్ తలుపుకు అంటించి వదిలేయండి. నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది, ఏది అడిగినా చప్పున జవాబు చెప్పేది కాదు, మందకొడి అని అందరూ అనుకునేవారు, నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను. ఒకసారి సోమవారం ఇచ్చిన లెక్కకు బుధవారం మధ్యాహ్నం, నేను అన్నం తింటూ ఉండగా వచ్చి, నాకు తెలియని పద్ధతిలో జవాబు చెప్పి వెళ్లింది. ఆ రెండు రోజులూ ఆ లెక్క ఆ పిల్ల దగ్గరే ఉంది. మీరు వెంటనే జవాబు చూపించిన ప్రతిసారీ బాబు దగ్గర ఉండవలసిన లెక్కను తీసేసుకుంటున్నారు.

ఒక నోటుపుస్తకం విడిగా పెట్టి దానికి తప్పుల పుస్తకం అని బాబు చేతనే పేరు రాయించండి. తప్పు పోయిన లెక్కను అందులో రాసి, ఎక్కడ పొరపాటు పడ్డాడో తన మాటల్లో ఒక్క వాక్యం రాయాలి: ‘ఖాళీలు లెక్కపెట్టాల్సింది స్టేషన్లు లెక్కపెట్టాను’, ‘ప్రశ్న పూర్తిగా చదవలేదు’, ‘చిన్న చదరాలే చూశాను, పెద్దవి చూడలేదు’. ఆ చివరిది మూడు అడ్డం, మూడు నిలువు గళ్ల బొమ్మలో చదరాలు ఎన్ని అన్న ప్రశ్నకు వస్తుంది. పిల్లలు 9 అనో 10 అనో చెబుతారు, చిన్నవి 9, నాలుగేసి గళ్లవి 4, మొత్తం బొమ్మ 1, కలిపి 14. అందులో సరదా పుడితే చదరంగం బల్ల మీద ఎన్ని ఉంటాయో కనుక్కోమనండి, 204 దాకా వెళ్లేసరికి ఒక వారం హాయిగా గడుస్తుంది. వారం తరువాత తప్పుల పుస్తకంలోని లెక్కనే అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి. రెండుసార్లు వరుసగా సరిగ్గా చేస్తే పక్కన టిక్కు పెట్టుకోనివ్వండి.

అద్దంలో ప్రతిబింబాల ప్రశ్నలకు గోడ గడియారాన్ని అద్దం ముందు పెట్టడమే పాఠం. అసలు సమయం 3:15 అయితే అద్దంలో 8:45 లాగా కనిపిస్తుంది, ఎందుకో అతన్నే చెప్పనివ్వండి. అంబులెన్సు ముందు భాగంలో అక్షరాలు తిరగేసి ఎందుకు రాస్తారో ఉప్పల్ సిగ్నల్ దగ్గర అడిగి చూడండి. దిక్కుల ప్రశ్నలకు హాల్లో నిలబడి తిరగడం చాలు. సెలవు రోజుల్లో పులి–మేక, వామనగుంటలు ఆడండి. పులి–మేకలో మూడు పులులనూ పదిహేను మేకలతో కట్టడానికి రెండు మూడు ఎత్తులు ముందుగా ఊహించాలి, రీజనింగ్ అంటే ఎక్కువ భాగం అదే.

పరీక్ష విషయానికి వస్తే, ఒలింపియాడ్ అన్న మాటకు భయపడవద్దు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ అని నిజంగా పిలవదగినది 1959లో రుమేనియాలో మొదలైంది, హైస్కూలు స్థాయి విద్యార్థులకు, దేశానికి ఆరుగురి జట్టుతో జరుగుతుంది. భారతదేశం 1989 నుంచి పాల్గొంటోంది, 1996లో ముంబయిలో మనమే నిర్వహించాం. మన జట్టును ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఆధ్వర్యంలో, దశలవారీ పరీక్షలతో ఎంపిక చేస్తారు. ప్రాథమిక తరగతుల పిల్లలు బడుల్లో రాసేవి ప్రైవేటు సంస్థలు నిర్వహించే పోటీలు. పేరు కలిసినా ఆ జట్టు ఎంపికకూ వీటికీ సంబంధం లేదు. పిల్లవాడికి కొత్త రకం లెక్కలు పరిచయం కావడానికి అవి మంచివే, అంతకు మించిన బరువు వాటి మీద పెట్టనక్కరలేదు. ఇంకొక సంగతి గమనించండి: ఆ అసలు ఒలింపియాడ్‌లో రెండు రోజులకు కలిపి ఆరు లెక్కలు ఇస్తారు, రోజుకు మూడు, ఒక్కో రోజు నాలుగున్నర గంటల సమయం. అంటే సగటున ఒక్క లెక్కకు గంటన్నర. రోజుకు మూడు చాలని నేను చెబితే తక్కువని మీకు అనిపించి ఉంటే, ఆ పిల్లలు కూడా రోజుకు మూడే చేస్తారని గుర్తుంచుకోండి.

అయితే మీవాడు రాయబోయే పరీక్షలో వేగం కూడా కావాలి, అది దాచను. బడుల్లో ఎక్కువగా రాయించే ఎస్‌ఓఎఫ్ (సైన్స్ ఒలింపియాడ్ ఫౌండేషన్) వారి గణిత పోటీలో నాలుగో తరగతి దాకా 60 నిమిషాల్లో 35 ప్రశ్నలు ఉంటాయి. చివరి ఐదు ప్రశ్నలకు రెండేసి మార్కుల చొప్పున 40లో 10 మార్కులు అక్కడే ఉన్నాయి. అలసిపోయి చివరి భాగాన్ని ముట్టుకోకుండా వచ్చేస్తే నాలుగో వంతు మార్కులు వదిలేసినట్టే. మీ బడివాళ్లు ఏ సంస్థ పరీక్ష రాయిస్తున్నారో, ఈ ఏటి పద్ధతి ఏమిటో, తప్పు జవాబుకు మార్కు తగ్గిస్తారో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. గడియారం మాత్రం ఆఖరి మూడు వారాల దాకా బయటికి తీయకండి. ఆ మూడు వారాల్లో, వారానికి ఒకటి చొప్పున పాత పేపరు పూర్తి సమయం పెట్టి చేయించండి. ఓఎంఆర్ పత్రంలో గుండ్రాలు నింపడం కూడా అప్పుడే అలవాటు చేయండి. పిల్లలు ఒక ప్రశ్న వదిలేసి తరువాతి జవాబును ఆ గుండ్రంలో నింపితే, అక్కడి నుంచి కిందిదాకా అన్నీ ఒక గడి జరిగిపోతాయి. ప్రతి ఐదు ప్రశ్నలకు ఒకసారి ప్రశ్న సంఖ్యా గుండ్రం సంఖ్యా ఒకటేనా అని చూసుకునే అలవాటు ఉంటే ఆ ప్రమాదం ఉండదు.

పుస్తకాలు కూడా ఒకటి చాలు. కోఠీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో బాబునే వెంట తీసుకెళ్లి, జవాబులతో పాటు వివరణలు కూడా ఉన్నదాన్ని ఎంచుకోండి. బొమ్మలతో కూడిన చిలిపి ప్రశ్నలు కావాలంటే, 1991లో ఫ్రాన్స్‌లో మొదలై అనేక దేశాలకు పాకిన కంగారూ గణిత పోటీ ప్రశ్నలు చిన్నపిల్లలకు బాగా నచ్చుతాయి.

కోచింగ్‌కు పంపవద్దనే నా సలహా. నాగోలు నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్లి రావడానికి పట్టే సమయంలో మీవాడు ఆడుకుని, అన్నం తిని, మూడు లెక్కలు చేసి నిద్రపోగలడు. పైగా ముప్పై మంది ఉన్న గదిలో ఎవరి తప్పు ఎక్కడ మొదలైందో చూసే తీరిక ఏ మాస్టారికీ ఉండదు, షార్ట్‌కట్లు చెబుతారు. ‘ఒకటి తీసేయాలి’ లాంటివి మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నాయి. అబాకస్ వృథా అయిందని కూడా అనుకోవద్దు. దానివల్ల కూడికా గుణకారమూ వేగంగా వచ్చాయి, ఏది కూడాలో ఏది గుణించాలో తేల్చుకోవడం అది నేర్పే పని కాదు.

పరీక్ష రోజు పొద్దున కొత్త లెక్క ఏదీ ముట్టుకోనివ్వకండి. రెండు చెక్కిన పెన్సిళ్లు, రబ్బరు, మంచినీళ్ల సీసా, కడుపునిండా ఇడ్లీ ఉంటే చాలు. బయటికి రాగానే ఎన్ని రాశావని అడగకుండా, ఏ లెక్క నచ్చిందని అడగండి. మూడు వారాల తరువాత తప్పుల పుస్తకంలోని రెండు పేజీలు ఫొటో తీసి పంపితే చూస్తాను. ఈలోగా బాబు కొట్టేసిన ఆ గుండ్రాల బొమ్మ ఉన్న కాగితాన్ని వెనక్కి పంపుతున్నాను, అతనికి ఇచ్చి మిగిలింది గీయమనండి.